మా ఊరికి శ్రమదానం వచ్చిన ఆదివారం

మా ఆయనకు శత్రువులు లేరు. పెళ్లయిన కొత్తలో అది మంచి విషయమే అనుకున్నాను. శ్రీకూర్మానికీ సముద్రానికీ మధ్యనున్న ఆ పల్లెలో కాపురం పెట్టాక గాని, ఆయనకున్న పెద్ద దిగులు అదేనని నాకు తెలియలేదు.

ఆయన ఉపదేశి. అంటే ఇంకా పాస్టరు కాలేదన్నమాట. సంఘం పెద్దలు ముందు ఒక ఊరు అప్పగిస్తారు, ఎలా నడుపుతాడో కొన్నాళ్లు చూస్తారు, నచ్చితే అభిషేకం చేసి పాస్టరును చేస్తారు. మాకు అప్పగించిన ఊళ్లో గుప్పెడు కిరస్తానీ ఇళ్లున్నాయి, ఒక తాటాకు ప్రార్థన పాక ఉంది. మిగతా ఊరంతా వరీ, అక్కడివాళ్లు చోడి అనే రాగులూ పండించుకునే రైతులు, రేవు వైపు చేపలు పట్టుకునేవాళ్లు. అవి పందొమ్మిది వందల అరవైల చివరి సంవత్సరాలు.

మేమిద్దరం విజయనగరం వాళ్లమే. నేను బడిపంతులుగారి అమ్మాయిని, ఆయన జట్కా తోలే మనిషి కొడుకు. కాని బైబిలు బడిలో చదివి వచ్చాక ఆయన నోట జట్కా స్టాండు మాట ఒక్కటి కూడా వచ్చేది కాదు. అన్నం తింటూ "ఈ చారు మిక్కిలి రుచిగా నున్నది" అనేవారు. పెళ్లయిన కొత్తలో అందరి ముందూ అలవాటుకొద్దీ నన్ను "సహోదరీ" అని పిలిచేశారు. పాకలో ఉన్న ఆడవాళ్లంతా కొంగులు నోట్లో కుక్కుకుని బయటికి పరుగెత్తారు.

ఆయన ప్రసంగాలన్నీ శ్రమల గురించే. దేవుడు తనవాళ్ల మీదికి విరోధులను ఊరికే రానివ్వడు, దాని వెనక ఒక ఉద్దేశం ఉంటుంది, ఎవరూ ఎదిరించని విశ్వాసం నిలిచేదో పడిపోయేదో ఎవరికీ తెలియదు, అనేవారు. మాట బాగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ ఊళ్లో మమ్మల్ని ఎదిరించే నాథుడే లేడు. మునసబుగారు ఏకాదశి ఏకాదశికీ శ్రీకూర్మం వెళ్లి దర్శనం చేసుకొచ్చే మనిషి. అయినా క్రిస్మసుకు తన కళ్లంలో పందిరి వేయించి, పెట్రోమాక్సు పంపించి, "దీపం సరిపోయిందేటి బాబూ?" అని స్వయంగా వచ్చి అడిగేవారు.

మా ఆయన ఊరుకోలేదు. అమ్మవారి పండగ నాడు సరిగ్గా ఊరేగింపు వచ్చే దారిలో నిలబడి ప్రసంగం మొదలుపెట్టారు. ఊరేగింపు ఆగింది. జనం కింద కూర్చుని శ్రద్ధగా విన్నారు. అయ్యాక "బాగుంది బాబూ, పాట కూడా పాడు" అన్నారు. పాడితే డప్పులవాళ్లు దరువు వేశారు. సాయంత్రం మునసబుగారింటి నుంచి పనసపండు వచ్చింది, "అమ్మోరికి పెట్టింది కాదు, మీకోసం ఏరేగా తీయించినాం" అన్న కబురుతో సహా. మా ఆయన ఆ పనసపండు వంక చాలాసేపు చూసి నిట్టూర్చారు.

తర్వాత శ్రీకూర్మం వెళ్లి గుడి బయట ఒక ముసలి అర్చకుడితో వాదం పెట్టుకున్నారు. అర్చకుడు మజ్జిగ ఇచ్చి, అరుగు మీద కూర్చోబెట్టుకుని, అంతా విని, "మా స్వామి తాబేలై కొండ మోశాడు, మీ స్వామి మనిషై సిలువ మోశాడు. మోసినవాళ్లంతా ఒక జట్టే కదా నాయనా" అన్నాడట. ఇంటికొచ్చాక మా ఆయన మొహం గంటు పెట్టుకుని కూర్చున్నారు.

"ఏమైందండీ? తిట్టాడా?" అన్నాను.

"తిట్టలేదు. తన జట్టులో చేర్చుకొనెను" అన్నారు.

ఒకరోజు కుక్క కరిచింది. పిక్కమీద గాట్లు కడుగుతుంటే ఆయన మొహం వెలిగిపోతోంది. ఆ కుక్క ఎవరిదో కనుక్కుని రమ్మని నన్నే పంపారు. తీరా కనుక్కుంటే అది మా సంఘంలో పెద్దదిక్కయిన ఎండుచేపల మామ్మది. పైగా అది ప్రతి ఆదివారం ప్రార్థనకు వచ్చి పాక గుమ్మంలో పడుకునే కుక్క. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు.

మీరు నవ్వుతారు. నేనూ నవ్వేదాన్నే. కాని నా నవ్వు కింద ఒక మంట ఉండేది.

మా మొదటి బిడ్డ ఆ ఊళ్లోనే పుట్టాడు. పుట్టేసరికే ప్రాణం లేదు. మా ఆయన అప్పుడు విజయనగరం కూటాల్లో ఉన్నారు, శ్రమలలో దేవుని ఉద్దేశం అన్న అంశం మీద మాట్లాడుతూ. కబురంది వచ్చేసరికి మామ్మా వాళ్లూ బిడ్డను సరుగుడు తోపు అంచున, మావాళ్లను పాతిపెట్టే ఇసకనేలలో పెట్టేసి వచ్చారు. ఆయన గుమ్మంలో నిలబడి, చేతిసంచీ కింద పెట్టకుండానే, "దీనియందు దేవునికి ఒక ఉద్దేశము కలదు" అన్నారు. అంతే. మళ్లీ మా ఇంట్లో ఆ బిడ్డ ఊసు లేదు. నేను ఎత్తబోతే కళ్లు మూసుకుని ప్రార్థనలోకి వెళ్లిపోయేవారు. ఉద్దేశం అన్న మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. కుక్క కరిస్తే ఇంత సంబరపడే మనిషి, కొడుకు పోతే కంట తడి పెట్టడేమిటి?

ఇప్పుడు మళ్లీ కడుపుతో ఉన్నాను. పురిటికి పుట్టింటికి వెళ్లే రోజులు దగ్గరపడ్డాయి. వెళ్తే మరి తిరిగి రాకూడదని మనసులో గట్టి చేసుకున్నాను. ఆ బిడ్డ కోసం ఆయన నాతో కలిసి ఒక్కసారి ఏడిస్తే ఉంటాను. లేకపోతే ఆయనా, ఆయన ఉద్దేశాలూ ఆ పాకలోనే ఉండనీ అనుకున్నాను.

ఇంతలో శ్రీకాకుళం నుంచి పెద్దయ్యగారు వస్తున్నారని తెలిసింది. ఎవరికి అభిషేకం చెయ్యాలో తేల్చేది ఆయనే. ఆయన నుదుటి మీద ఒక మచ్చ ఉంది. వయసులో ఉన్నప్పుడు సువార్త చెబుతుంటే ఎవరో రాయి విసిరారట. కూటాల్లో మాట్లాడేటప్పుడు దీపం దగ్గరికి జరిగి ఆ మచ్చ అందరికీ చూపించేవారు. అభిషేకం కోసం ఎవరొచ్చినా ఆయన అడిగేది ఒకటే, "నువ్వేం శ్రమలు పడ్డావు?" అని. కుక్క సంగతి చెప్పుకుందామంటే అది మా కుక్కే అయిపోయె. ఆ దిగులుతోనే మా ఆయన ఆ ముందు ఆదివారం గొప్ప ప్రసంగం చేశారు. శ్రమ శిక్ష కాదు, దేవుడు తనవారికి ఇచ్చే దానము, అది ఏ దినమున వచ్చునో ఎరుగరు గనుక సిద్ధముగా నుండుడి అన్నారు. శుక్రవారం పొద్దున్నే పెద్దయ్యగారిని వెంటబెట్టుకు రావడానికి శ్రీకాకుళం వెళ్లిపోయారు.

శుక్రవారం సాయంత్రం తలయారి డప్పు కొట్టుకుంటూ మా పేటలోకి వచ్చాడు.

"ఈ ఆదివారం పొద్దుట మనూర్లో శ్రమదానం ఉన్నాదహో! బ్లాకాపీసు నుండి బీడీవో బాబు జీపులో వస్తన్నాడహో! ఇంటికో మనిసి రావాలహో! కిరస్తానీ పేటోళ్లు కూడా రావాలహో!"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పట్నంలో శ్రమ అంటే కష్టపడి పని చెయ్యడం. మా ఊళ్లో జనం పనిని పనే అనేవారు, కాకపోతే కట్టం అనేవారు. శ్రమ అన్న మాట మా పేటవాళ్లు పుట్టి బుద్ధెరిగాక విన్నది ఒక్క ప్రార్థన పాకలోనే. అక్కడ శ్రమ అంటే విశ్వాసం కోసం తన్నులు తినడం, జైలుకు పోవడం, అవసరమైతే చావడం. తలయారి డప్పు పక్క వీధికి వెళ్లిపోయింది గాని మా పేటలో ఎవరూ కదల్లేదు.

ముందుగా మామ్మే తేరుకుంది. "ఇన్నారా? అయ్యగారు సెప్పినట్టే వొచ్చీసింది. శ్రమ దానంగా వస్తాదన్నాడా, నేదా?"

"ఆదివారమే పెట్టినారు సూడు" అన్నాడు ఒకాయన.

"పేట పేరెట్టి మరీ పిలిసినారు" అంది అతని భార్య.

"జీపు కూడా వస్తాదంట."

అప్పట్లో కొండల వైపు నక్సలైట్ల గొడవలు జరుగుతున్నాయి, పోలీసు జీపులు తిరుగుతున్నాయి. జీపు అన్న మాటకే జనానికి గుండెలు జారేవి. నేను వీధిలోకి వచ్చి, "మామ్మా, అది ఆ శ్రమ కాదు. శ్రమదానమంటే ఊరంతా కలిసి కూలి లేకుండా పని చెయ్యడం. రోడ్డు వేస్తారు కాబోలు" అన్నాను.

మామ్మ నా వంక జాలిగా చూసింది. "కూలి నేకండా పనెవుడు సేస్తాడమ్మా? గవర్నమెంటోడు మనూరికి ఊరికినే రోడ్డేస్తాడేటి? ఎప్పుడైనా ఏసినాడా?"

అందరూ తలలూపారు.

"అమ్మగారు బయపడతన్నారు, అందుకే అలగంటన్నారు" అన్నాడు ఇందాకటాయన.

"పోనీండ్రా, వొట్టి మనిసి కాదు గదా" అని మామ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "మీరు ఇంట్లో కూకోండమ్మా. మీ వంతు శ్రమ మీకు నిరుడే వొచ్చీసింది. ఇప్పుడు మా వంతు."

ఏడాది పాటు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట, ఆ ముసలమ్మ వీధిలో నిలబడి రేషను వంతు చెప్పినట్టు చెప్పేసింది. నాకు ఏడుపొచ్చింది. లోపలికి వెళ్లిపోయాను. వాళ్లేమో నేను భయపడ్డానని ఖాయం చేసుకున్నారు.

శనివారమంతా పేటలో చావుకు సన్నాహాలు. గట్టు మీది తాటిచెట్టు నాదంటే నాదని ఏళ్ల తరబడి మాటల్లేకుండా ఉన్న అన్నదమ్ములు కౌగిలించుకుని ఏడ్చారు. "పరలోకంలో తాటిసెట్టుండదు గదా, ఒరే" అన్నాడట పెద్దవాడు. ఉతికిన బట్టలు ఆరేశారు. ఒకామె మొగుడికి తెలియకుండా అటక మీద దాచుకున్న బెల్లం ఉండ దించి పిల్లలందరికీ పంచిపెట్టింది. మామ్మ తన పెట్టను పక్క వీధిలోని ముత్యాలమ్మ భక్తురాలికి ఇచ్చేసింది. "నాను మరి రాను, దీన్ని నువ్వుంచుకో" అందట. కుక్కను మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అది కూడా సంఘంలో ఉన్నదే, మనతోనే వస్తాదంది. నేను ఇంటింటికీ తిరిగి చెప్పాను, ఇది రోడ్డు పని, పిచ్చివాళ్లారా అని. చెప్పినకొద్దీ నన్ను ఓదార్చారు. ఒకాయన నా కోసం ప్రార్థన కూడా చేశాడు, అమ్మగారికి ధైర్యం ఇమ్మని.

ఆదివారం పొద్దున్నే అందరూ తలస్నానాలు చేసి, తెల్లబట్టలు కట్టుకుని, పాక ముందు వరసగా కూర్చుని పాడడం మొదలుపెట్టారు. జీపు వచ్చింది. అందులోంచి కుర్ర బీడీవో దిగాడు. ఏ ఊరు వెళ్లినా జనాన్ని ఇళ్లలోంచి లాక్కురావలసి వచ్చే ఆయనకు, తెల్లబట్టలతో, పాటలతో ఎదురు చూస్తున్న జనాన్ని చూసి కళ్లు చెమర్చాయి. జీపు మీద నిలబడి ఉపన్యాసం అందుకున్నాడు.

"ఈరోజు మీరు చేసే త్యాగాన్ని దేశం మరచిపోదు! మీ రక్తాన్ని చెమటగా ధారపొయ్యండి! రేపు మీరు ఉండకపోవచ్చు, కాని రాబోయే తరాలు మీ పేర్లు తలుచుకుంటాయి!"

"ఆమేన్!" అంది మామ్మ.

"ఆమేన్!" అంది పేట మొత్తం. బీడీవో అది ఈ ప్రాంతపు జిందాబాద్ అనుకుని తనూ చెయ్యెత్తి ఆమేన్ అన్నాడు.

నేను ఆయన దగ్గరికి వెళ్లి సంగతి చెప్పబోయాను. "తరవాతమ్మా, తరవాత" అని ఆయన పలుగులూ పారలూ దింపించడంలో పడ్డాడు. ఊరి నుంచి శ్రీకూర్మం రోడ్డు దాకా బాట వెయ్యాలి. బాట ఎత్తు చెయ్యాలంటే పక్కన గోతులు తవ్వి ఆ మట్టి పొయ్యాలి. ఇది తెలిసినవాళ్లకు తెలిసిన సంగతి కనక ఆయన వివరంగా చెప్పలేదు. "మనిషికో గొయ్యి తీసుకోండి. మనిషి పొడుగు, నడుం లోతు. ఎవరి గొయ్యి వారిదే, సాయం చెయ్యొద్దు" అన్నాడు.

మా పేటవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మామ్మ లేచి పార అందుకుంది.

అలాంటి తవ్వడం నేను మళ్లీ చూడలేదు. మిగతా ఊరివాళ్లు చుట్టలు కాల్చుకుంటూ, మీసాలు దువ్వుకుంటూ, ఒక తట్ట వేసి ఒక కబురు చెప్పుకుంటున్నారు. మావాళ్లు మాత్రం పాడుతూ, ఏడుస్తూ, అంచులు చెక్కి, మూలలు తీర్చి మరీ తవ్వారు. పని అయినవాళ్లు చేతులు కడుక్కుని ఎవరి గొయ్యి ముందు వాళ్లు నిలబడ్డారు. మామ్మ గోతిలోకి దిగి వెల్లకిలా పడుకుని చూసుకుంది. కాళ్లు తగిలాయని లేచి ఇంకొంచెం తవ్వింది. మళ్లీ పడుకుంది. ఈసారి కుదిరింది. అప్పుడు అడ్డపొగ చుట్ట, నిప్పు వైపు నోట్లోపలికి పెట్టుకుని, హాయిగా పీల్చడం మొదలుపెట్టింది. కుక్క కూడా దిగి పక్కన పడుకుంది.

మునసబుగారు పని చూసుకుంటూ అటు వచ్చారు. గోతిలోకి వంగి చూశారు.

"ఏటి మామ్మా, అందులో తొంగున్నావు?"

"కొలత సూసుకుంటన్నాను బాబూ. సరిపోనాది."

"దేనికి?"

"సంపడానికే కదా పిలిసినారు. నడుం నొప్పిగున్నాది, బేగి కానిచ్చీమనండి."

మునసబుగారు గట్టు మీద కూలబడ్డారు. మొదట ఆయనకు బోధపడలేదు. నేను వెళ్లి మొదటి నుంచీ చెప్పాను. ఆయన పైకండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు, భుజాలు మాత్రం ఎగిరిపడుతున్నాయి. చివరికి లేచి, గట్టిగా అందరికీ వినబడేలా, "ఓలమ్మా, మిమ్మల్నందర్నీ సంపేస్తే రోడ్డెవుడేస్తాడే?" అని అరిచారు.

పేటవాళ్లకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక సంతోషించాలి కదా? మొహాలు వేలాడేశారు. "అయితే మమ్మల్నేటీ సెయ్యరా?" అన్నాడు తాటిచెట్టు తమ్ముడు, మోసపోయినవాడిలా. అన్న అప్పటికే మొహం తిప్పేసుకున్నాడు. ఇంతలో ముత్యాలమ్మ భక్తురాలు పళ్లెంలో కూర పట్టుకుని వచ్చింది. మామ్మ పెట్టను అప్పటికే వండేసింది. "నువ్వు మరి రానన్నావు గదా అప్పా. సివర్రోజుల్లో నోటికి రుసిగా ఉంటాదని నీ వాటా తెచ్చినాను" అంది. మామ్మ గోతి అంచున కూర్చుని ఆ కూర తిన్నది. తింటూ ఏడ్చింది. ఆ రోజు విశ్వాసం నిమిత్తం పోయిన ప్రాణం ఆ పెట్టది ఒక్కటే.

ఎండ ఎక్కింది. పని ఊరు దాటి ముందుకు సాగింది. నేను అందరికీ మంచినీళ్ల బిందె మోసుకుంటూ నెమ్మదిగా వెనకాల నడుస్తున్నాను. ముందు నడిచే ఇద్దరు మనుషులు తాడు పట్టుకుని, దాని వెంబడి సున్నంతో గీత పోసుకుంటూ పోతున్నారు. ఆ గీత సరుగుడు తోపు దగ్గరికొచ్చి, తిన్నగా, ఎక్కడా వంకర పోకుండా, నా బిడ్డను పెట్టిన చోటు మీదుగా వెళ్లింది.

నేను చుట్టూ పేర్చుకున్న గవ్వల మీద సున్నం పడి ఉంది. బిందె దింపాను. వెళ్లి ఆ గీత మీద కూర్చున్నాను.

బీడీవో వచ్చాడు. "అమ్మా, కాస్త లేవండి. గీత మీద కూర్చున్నారు."

"ఇక్కడ మా అబ్బాయి ఉన్నాడు" అన్నాను.

ఆయన చెట్ల వైపు చూశాడు, ఇటూ అటూ చూశాడు. "ఎక్కడ?"

"కింద."

ఆ కుర్రాడి మొహం తెల్లబోయింది. ఏం చెయ్యాలో తోచక చేతిలోని ప్లాను కాగితం తిరగేసి, మళ్లీ తిరగేసి చూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే, బస్సు దిగి ఇసకలో నడుచుకుంటూ, మా ఆయనా పెద్దయ్యగారూ వచ్చారు. ఒక పక్క గోతుల ముందు తెల్లబట్టల జనం, ఒక పక్క పలుగులు, మధ్యన నేల మీద నేను. ఏమిటిదని పెద్దయ్యగారు అడిగితే మామ్మ చెప్పింది. ఆదివారం నాడు పని చేయించారని, సమాధుల మీదుగా గీత గీశారని, కింద అయ్యగారి గుంటడు, అంటే మా బిడ్డ, ఉన్నాడని. పెట్ట సంగతి కూడా చెప్పింది.

పెద్దయ్యగారి కళ్లు మెరిశాయి. మా ఆయన భుజం పట్టుకుని ఊపారు. "చూశావా? ఇన్నాళ్లూ నీకు శ్రమలు లేవని బెంగపెట్టుకున్నావు. పరిశుద్ధ దినాన బలవంతపు పని! దేవుని బిడ్డల సమాధుల మీద ప్రభుత్వం వారి రోడ్డు! ఇది హింస కాక మరేమిటి? ఈ దినం కోసమే దేవుడు నీ బిడ్డను ఇక్కడ ఉంచాడు. ఆయన ఉద్దేశం ఇప్పుడు బయలుపడింది. సంఘం పెద్దల ముందు ఈ సాక్ష్యం చెప్పు, నీ అభిషేకానికి అడ్డే లేదు."

మా ఆయన ఏళ్ల తరబడి కుక్కల దగ్గరా గుడిమెట్ల దగ్గరా వెతుక్కున్నది, నడిచొచ్చి కాళ్ల ముందు పడింది. నేను ఆయన మొహంలోకి చూస్తున్నాను. అవునని ఆయన తల ఆడిస్తే చాలు, ఆ సాయంత్రం బస్సుకే వెళ్లిపోదామని లోపల మూటాముల్లే సర్దేసుకున్నాను. ఆయన నోరు తెరిచి "దేవుని..." అన్నారు. మాట ముందుకు రాలేదు. మళ్లీ "దేవుని..." అన్నారు. నా వంక చూసి ఆగిపోయారు.

ఈలోగా మునసబుగారు వచ్చారు. రెండు మాటల్లో సంగతి విని, తాడు పట్టుకున్నవాళ్ల మీద విరుచుకుపడ్డారు. "ఒరే, కళ్లు కనపడవేటి? సంటిగుంటడి మీదినించి బళ్లు తోలిస్తార్రా? తిప్పండి ఇటు, మా జీడితోటలోంచి పొండి."

"ప్లానులో తిన్నగా ఉందండీ" అన్నాడు బీడీవో నీళ్లు నములుతూ. "రోడ్డు వంకర వస్తుంది."

"ఒంకరొస్తే ఏటి? ఎడ్లకి తెలుస్తాదేటి?" అన్నారు మునసబుగారు. ఆయనే తాడు లాక్కుని తన తోటలోకి నడిచారు. అక్కడ గొడ్డలి పెట్టించి మంచి కాపు మీదున్న చెట్లు కొట్టించేశారు. సున్నం మనుషులు నా చుట్టూ పడిన గీతను కాళ్లతో చెరిపేశారు.

పెద్దయ్యగారు ఇది ఓర్చుకోలేకపోయారు. చేతికొచ్చిన హింసను అన్యాయంగా ఊడలాక్కున్నట్టు మునసబుగారి వంక చూశారు. మా ఆయనను పక్కకు పిలిచారు గాని, గాలి నా వైపే వీస్తోంది, అన్నీ వినబడ్డాయి.

"గీత తిప్పినంత మాత్రాన ఏమైంది? గీసిన మాట నిజమే కదా. అది చెప్పు."

"మమ్మును ఇక్కడ ఎవరును హింసింపలేదయ్యా" అన్నారు మా ఆయన. "అందరు మంచివారు."

"అయితే నీ బిడ్డ ఎందుకు పోయాడు? శ్రమ వెనక ఉద్దేశం ఉంటుందని ఊరూరా చెప్పేవాడివి. అది చెప్పు. దేవుని ఉద్దేశం ఏమిటి?"

మా ఆయన కండువా అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నారు. తర్వాత ఆయన నోటివెంట, పెళ్లయినప్పటి నుంచి నేనెప్పుడూ వినని గొంతు, జట్కా స్టాండు గొంతు వచ్చింది.

"నాకు తెల్దయ్యా. ఉన్నాదో నేదో కూడా తెల్దు. ఉంటే నాకు సెప్పనేదు."

"తెలియదు అనేవాడు వేదిక ఎక్కి జనానికి ఏం చెబుతాడు?" అన్నారు పెద్దయ్యగారు. కోపంగా అనలేదు. నిజంగానే ఆయనకు అర్థం కాలేదు. నుదుటి మచ్చ ఒకసారి తడుముకుని, ఈ ఏటికి అభిషేకం మాట వద్దులే అని చెప్పి, మునసబుగారింట్లో భోజనానికి వెళ్లారు. పిలిచింది మునసబుగారే.

మా ఆయన వచ్చి నా పక్కన ఇసకలో కూలబడ్డారు. తెల్లపంచె మాసిపోతుందని చూసుకోలేదు. గవ్వల మీద సున్నాన్ని ఒక్కొక్కటిగా బొటనవేలితో తుడిచారు. నా వంక చూడకుండా అడిగారు.

"ఎలగుండేవోడే?"

నాకు మొదట అందలేదు. "ఎవరు?"

"గుంటడు. నాను సూడనేదు కదా."

ఏడాది నుంచి నా దగ్గరే ఉండిపోయిన మొహం అది. ఎవరూ అడగలేదు, నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పడం మొదలుపెట్టాను. నిండా జుట్టుందని, తడిసి నుదుటికి అంటుకుపోయిందని, చెవులు ఆయన చెవుల్లాగే ముందుకు పొడుచుకొచ్చాయని, గుప్పిళ్లు బిగించి ఉన్నాయని, మామ్మ కష్టపడి విప్పితే లోపల అరచేతులు ఎర్రగా ఉన్నాయని చెప్పాను. ఆయన ఒక్కొక్క మాటకీ తల ఊపుతున్నారు.

"కళ్లు? కళ్లు ఎవరివే?"

"తెరవలేదండీ. ఎవరివో నాకూ తెలియదు" అన్నాను.

అప్పుడు ఏడ్చారు. పక్కనుంచి తట్టలు మోసుకుపోయేవాళ్లు ఆగి చూస్తున్నా ఆపుకోలేదు. ప్రార్థనలోకి పోలేదు. నేను ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను, నేనూ ఏడ్చాను. పురిటికి నేను పుట్టింటికి వెళ్లలేదు.